చిల్లుల పళ్లెం డబ్బా: కొత్తిమీరకు బాగుంది, కరివేపాకుకు అక్కర్లేదు

బెజవాడ ఎండలో పొద్దున కొన్న కొత్తిమీర కట్ట సాయంత్రానికి తల వాల్చేస్తుంది. కవరుతో సహా ఫ్రిజ్‌లో పడేస్తే వాడదు గానీ, మూడు నాలుగు రోజుల్లో కట్ట నడుమ జిగురు పట్టి వాసన మొదలవుతుంది. ఈ రెండింటికీ మందు అని చెప్పి ఒక రకం డబ్బా ఇప్పుడు ప్లాస్టిక్ సామాన్ల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కనిపిస్తోంది. అడుగున చిల్లుల పళ్లెం, రబ్బరు రింగు ఉన్న మూత, మూత మీద గాలి కోసం తెరిచి మూసే చిన్న కిటికీ. మూడు లీటర్ల సైజు 250 నుంచి 400 రూపాయల మధ్య దొరుకుతుంది. చాలా కంపెనీలవి ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి ఇక్కడ ఒక కంపెనీ గురించి కాకుండా ఆ రకం డబ్బా గురించే చెబుతున్నాం.

వారానికి సరిపడా కొత్తిమీర, పుదీనా ఒకేసారి తెచ్చుకునే ఇంటికి ఇది కొనదగ్గ వస్తువే. 5కి 3.5 ఇస్తాం. కరివేపాకు కోసమే అయితే డబ్బు దండగ. కొనేవాళ్లకు ఒక షరతు కూడా ఉంది: ఆకు లోపలికి వెళ్లేటప్పుడు దాని మీద తడి ఉండకూడదు, వేడి ఉండకూడదు. ఈ రెండూ పాటించకపోతే ఇందులో పెట్టినా కవర్లో పెట్టినా తేడా తెలియదు.

కోసిన తర్వాత కూడా ఆకు ఊపిరి తీస్తూనే ఉంటుంది, తనలోని నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోతే ఆకు వాడుతుంది. బయటికి పోలేక చల్లబడి, బొట్లుగా మళ్లీ ఆకు మీదే పడితే కుళ్లుతుంది. చుట్టూ గాలి తేమగా ఉండాలి, ఆకు మాత్రం పొడిగా ఉండాలి. అడుగు పళ్లెం కాడల నుంచి దిగిన నీటిని కిందికి వదిలేస్తుంది కాబట్టి ఈ పనిలో సగం అదే చేస్తుంది. మిగతా సగం మూత దగ్గర జరగాలి. చాలామంది తప్పేది అక్కడే.

బజారు నుంచి తెచ్చిన కట్ట ఒళ్లు వెచ్చగా ఉంటుంది. దాన్ని వెంటనే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోస్తే అరగంటలో మూత లోపలి వైపు చెమట పడుతుంది. ఆ బొట్లు పైనున్న ఆకుల మీద రాలతాయి. అడుగున ఎన్ని చిల్లులున్నా పైనుంచి పడే తడిని ఆపలేవు. అందరూ అడుగునే గుడ్డ వేస్తారు, నిజానికి అది పైన ఉండాలి. పాత నూలు పంచె ముక్కను ఉతికి, బాగా ఆరబెట్టి, రెండు మడతలు వేసి ఆకుల మీద కప్పినట్టు పరచాలి. మూత చెమటను అది తాగేస్తుంది. అడుగున కూడా ఒక పొర వేస్తే మంచిదే. రెండింటిలో ఒక్కటే వేయగలిగితే పైదే వేయండి. ఈ ఒక్క గుడ్డతోనే కొత్తిమీరకు రెండు మూడు రోజులు కలిసొస్తాయి. గుడ్డ లేకపోతే టిష్యూ వాడొచ్చు, న్యూస్‌పేపరు మాత్రం వద్దు. అచ్చు సిరా ఆహారానికి అంటుతుందని, పేపర్లో తినే వస్తువులు చుట్టొద్దని ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో ఒకసారి, 2023లో మరోసారి హెచ్చరించింది.

కొనేటప్పుడు స్కేలు పట్టుకెళ్లండి. డబ్బా మీద లీటర్లు రాసి ఉంటాయి గానీ మనకు కావలసింది లోపలి పొడవు. వేరు తీసేసిన కొత్తిమీర కట్ట కూడా 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉంటుంది. 22 సెంటీమీటర్ల డబ్బాలో దాన్ని వంచి పెట్టాల్సి వస్తుంది, వంచిన చోట కాడ నలిగి ముందు అక్కడే నల్లబడుతుంది. లోపల 26 సెంటీమీటర్లు తగ్గకుండా చూసుకోండి. తర్వాత పళ్లెం కాళ్లు చూడాలి. పళ్లెం అడుగు నుంచి కనీసం ఒక సెంటీమీటరు ఎత్తున నిలబడాలి. కొన్నిటిలో నాలుగైదు మిల్లీమీటర్లే ఉంటుంది. అందులో కాస్త నీరు చేరగానే కాడలు మునుగుతాయి, పళ్లెం ఉన్నా లేనట్టే. చిల్లుల అంచుల మీద వేలు పెట్టి తడిమి చూడండి. గీరుకుంటే ఆకును కూడా గీరుతుంది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీన్, ఈ పనికి సరిపోతుంది. నాలుగు వైపులా క్లిప్పులున్న మూత కంటే నొక్కి పెట్టే మూత మేలు. క్లిప్పు మడత దగ్గర పలచగా ఉంటుంది, ఫ్రిజ్ చలికి ప్లాస్టిక్ బిగుసుకుపోయి రోజూ తెరిచి మూస్తుంటే అక్కడే విరుగుతుంది. ఒక్క క్లిప్పు పోయినా ఆ వైపు మూత లేస్తుంది.

ఆకు కొనడం కూడా ఇందులో భాగమే. 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచి పటమట, కేదారేశ్వరపేట చుట్టుపక్కల వాళ్లకు పొద్దున్నే తాజా కట్ట దొరకడం కష్టం కాదు. అయితే ఎండెక్కే కొద్దీ అమ్మేవాళ్లు కట్టల మీద నీళ్లు చల్లుతూనే ఉంటారు. వాళ్లకు తప్పదు, లేకపోతే పది గంటలకే సరుకు వాడిపోతుంది. ఆ నీరు కట్ట నడుమకు చేరి, తాడు బిగించిన చోట నిలుస్తుంది. అందుకే పొద్దున తొందరగా, నీళ్లు ఎక్కువ పడకముందే కొంటే నిల్వకు మంచిది. కట్టను తిరగేసి వేళ్ల వైపు చూడండి. కాడలు తెల్లగా గట్టిగా ఉండాలి. నడుమ నుంచి సన్నటి గట్టి కాడ లేచి, దాని మీద ఆకు దారాల్లా చీలి ఉంటే పూతకు వచ్చిందన్నమాట. ఎండలు ముదిరితే కొత్తిమీర తొందరగా పూతకొస్తుంది, వాసన తగ్గుతుంది. వేసవిలో అలాంటివే ఎక్కువ వస్తాయి కాబట్టి ఏరుకోక తప్పదు.

ఇంటికి రాగానే ముందు తాడు విప్పాలి. రబ్బరు బ్యాండైనా అరటి నారైనా దాని కిందే కుళ్లు మొదలవుతుంది. పసుపెక్కిన ఆకులు, నలిగిన కాడలు ఏరేయాలి. మట్టి పట్టిన వేళ్లను కోసేసి, కాడలన్నీ కలిసే మొదలు ఒక సెంటీమీటరు ఉంచితే ఆకు విడిపోకుండా ఉంటుంది. తర్వాత నీడలో పాత దుప్పటి మీద పలచగా పరచి ఫ్యాను కింద ఉంచాలి. మే నెలలో పదిహేను నిమిషాలు చాలు, అంతకు మించితే వాడిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో ముప్పావు గంట పట్టొచ్చు. ఆకును చెంప మీద పెడితే చల్లదనమే తెలియాలి, తడి తగలకూడదు. అప్పుడు డబ్బాలోకి.

నిల్వకు ముందు కడగాలా వద్దా అంటే, మామూలు రోజుల్లో వద్దు. వండే ముందు కడుక్కుంటే చాలు. వానాకాలంలో బురదతో వచ్చిన కట్టను మాత్రం కడగకుండా పెట్టలేం. అప్పుడు వెడల్పాటి గిన్నె నిండా నీళ్లు పోసి, ఆకును ముంచి, చేత్తో మెల్లగా కదిపి, ఆకునే పైకి తీయాలి. నీళ్లు వంపేస్తే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. నీళ్లు తేటగా కనిపించేదాకా రెండు మూడు సార్లు ఇలా చేసి, గుడ్డ మీద గంటకు పైగా ఆరబెట్టాలి.

డబ్బాను మూడింట రెండు వంతులే నింపండి. అదిమి కుక్కితే లోపలి ఆకుకు గాలి ఆడదు, వేడి పుట్టి నడుమ నుంచి పసుపు రంగు మొదలవుతుంది. మొదటి రాత్రి మూత కిటికీ తెరిచి ఉంచి, పొద్దున మూసేయాలి. రెండు రోజులకోసారి తెరిచి గుడ్డ మార్చి, మూత తుడిచి, పసుపెక్కిన ఆకులు తీసేస్తే చాలు. ఇలా పెట్టిన కొత్తిమీర ఎనిమిది నుంచి పది రోజులు, పుదీనా ఒక వారం నిలుస్తుంది. కవర్లో అయితే ఇందులో సగం కూడా ఉండదు.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెడుతున్నామన్నదీ చూసుకోవాలి. వెనక గోడకు ఆనించొద్దు. అక్కడ చలి గడ్డకట్టే దాకా పోతుంది, ఆకు ముందు గాజులా పారదర్శకంగా మారి, బయటికి తీయగానే నల్లగా ముద్దవుతుంది. తలుపు అర వెచ్చగా ఉంటుంది కాబట్టి అదీ కాదు. కింద కూరగాయల అరగానీ మధ్య అర ముందు భాగంగానీ సరైనది. ఇంకో మాట, పండే పండ్లు ఇథిలీన్ వాయువు వదులుతాయి, అది తగిలితే కొత్తిమీర తొందరగా పసుపెక్కుతుంది. బంగినపల్లి రోజుల్లో ఫ్రిజ్ నిండా మామిడిపండ్లే ఉంటాయి. ఆ రెండు నెలలు డబ్బాను పండ్లకు దూరంగా వేరే అరలో, కిటికీ మూసి పెట్టండి. ఆకును టమాటాలతో కలిపి ఒకే అరలో వేసేయడం చాలా ఇళ్లలో అలవాటు, అదీ మానేయాలి.

ఇక కరివేపాకు. మంగళగిరి దగ్గరి పెదవడ్లపూడి కరివేపాకు తోటలకు పేరున్న ఊరు. గుంటూరు, బెజవాడ వాళ్లకు తాజా రెమ్మ దొరకడం గగనమేమీ కాదు. పైగా ఈ ఆకు కాస్త మందం, పైన నునుపు, నీరు అంత తొందరగా పోగొట్టుకోదు. దానికి తేమ గాలి అక్కర్లేదు, పొడితనమే కావాలి. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పొడి గుడ్డ పరచి రెమ్మలు పేర్చి పెడితే ఫ్రిజ్‌లో రెండు వారాలు బాగుంటుంది. కొత్తిమీరతో కలిపి చిల్లుల డబ్బాలో పెడితే ఆ తేమకు నాలుగో రోజు నుంచే నల్ల మచ్చలు పడతాయి. ఆకులు దూసి పెట్టడం వీలుగానే ఉంటుంది కానీ, తెంపిన చోట ప్రతి ఆకు మొదలూ నల్లబడుతుంది. రెమ్మతో ఉంచి, వాడేటప్పుడే దూసుకోండి. తోటల్లో మందులు కొడతారు కాబట్టి వాడే ముందు బాగా కడిగి, గుడ్డతో అద్ది, పూర్తిగా తడి పోయాకే నూనెలో వేయాలి.

వాము ఆకు, తులసి ఈ డబ్బాలోకే కాదు, ఫ్రిజ్‌లోకే వద్దు. తులసి జాతి ఆకులు పది డిగ్రీల కన్నా తక్కువ చలిలో నల్లబడతాయి. కాడలు గ్లాసు నీళ్లలో ముంచి వంటగదిలోనే ఎండ తగలని చోట పెట్టి, రోజూ నీళ్లు మారిస్తే నాలుగైదు రోజులకు ఢోకా లేదు. వాము ఆకు కుండీలోంచి బజ్జీల వేళకు తెంపుకునే ఆకు, దాచాల్సిన పనే లేదు. గోంగూర కట్టలు కూడా ఈ డబ్బాలో పట్టవు, ప్రయత్నించొద్దు.

ఇదే పనికి వేరే వస్తువులూ ఉన్నాయి. ఇంట్లో ఉన్న వెడల్పాటి స్టీలు డబ్బాలో కింద ఒక గుడ్డ, పైన ఒక గుడ్డ వేసి కొత్తిమీర పెడితే ఐదారు రోజుల దాకా కొత్త డబ్బాకు ఏమీ తీసిపోదు. ఆ తర్వాతే తేడా తెలుస్తుంది, కాడల నీరు గుడ్డలో నిలిచిపోయి అడుగు ఆకు మెత్తబడుతుంది. వారంలో రెండుసార్లు బజారుకు వెళ్లేవాళ్లకు స్టీలు డబ్బాయే చాలు, 300 రూపాయలు మిగుల్చుకోండి. అడుగున నీళ్లు పోసి ఆకును నిలబెట్టే పొడవాటి జాడీలు కూడా వస్తున్నాయి. వేళ్లతో ఉన్న కొత్తిమీర వాటిలో చాలా బాగుంటుంది, కాకపోతే రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి, మన ఫ్రిజ్ అరల ఎత్తుకు అవి సరిపోవు, తలుపులో పెడితే తీసి వేసినప్పుడల్లా నీళ్లు తొణుకుతాయి. పుదీనాకు మాత్రం డబ్బా కన్నా మేలైన దారి ఒకటుంది. ఆకు దూసేశాక మిగిలిన గట్టి కాడలను నీళ్లలో నిలబెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. కుండీలో గుచ్చితే మళ్లీ కొనే పని తగ్గుతుంది.

దాచిన ఆకు అన్ని రోజులూ ఒకేలా ఉండదు కాబట్టి వంటలో కూడా వరస పాటించాలి. మొదటి మూడు రోజుల కొత్తిమీరను పచ్చిగా తినేవాటికి ఉంచుకోండి: పెరుగు పచ్చడి, రోటి పచ్చడి, కూర దించాక పైన చల్లడం. దాని వాసన ఆవిరయ్యే రకం, ఉడికించే కొద్దీ పోతుంది. నాలుగో రోజు నుంచి ఆకులో ఆ ఘాటు తగ్గుతుంది కానీ కాడలో నిలుస్తుంది. చారు మరిగేటప్పుడు సన్నగా తరిగిన కాడలు వేసి, పొయ్యి కట్టేశాక ఆకు వేసి రెండు నిమిషాలు మూత పెడితే రెండూ పనికొస్తాయి. వాడిపోయినా పచ్చగానే ఉన్న ఆకును చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచితే లేచి నిలబడుతుంది. పసుపెక్కింది మాత్రం మళ్లీ తిరిగి రాదు, జిగురు పట్టింది పారేయాల్సిందే.

రోటి పచ్చడి నల్లబడుతోందని చాలామంది అంటారు. దానికి రెండు కారణాలు. ఆకును నూనెలో ఎక్కువసేపు వేయించడం ఒకటి, వేడి మీదే చింతపండు కలపడం రెండోది. పులుపు, వేడి కలిస్తే ఆకు పచ్చదనం పోయి మట్టి రంగు వస్తుంది. 150 గ్రాముల కొత్తిమీరకు ఆరేడు పచ్చిమిరపకాయలు, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిన్న ఉసిరికాయంత చింతపండు సరిపోతాయి. మిరపకాయలు నూనెలో మగ్గించి తీసి, అదే మూకుడులో ఆకు వేసి ఒక్క నిమిషం, వాడితే చాలు, పళ్లెంలోకి తీసి పూర్తిగా చల్లార్చాలి. ముందు మిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు నూరి, తర్వాత ఆకు వేసి కచ్చాపచ్చాగా తొక్కి, చివర్లో చింతపండు. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, ఒకే ఊపున తిప్పితే మిక్సీ గిన్నె వేడెక్కి ఆకు ఉడికినట్టవుతుంది. పుదీనాకు కూడా ఇదే పద్ధతి. మగ్గడం ఎక్కువైతే దానికి చేదు కూడా తోడవుతుంది.

కరివేపాకు వాసన నూనెలోకి దిగే రకం. తాలింపులో ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ రంగు తిరిగాక ఆకు వేసి, వేయగానే మంట తగ్గించాలి. ఆకు గలగలలాడితే చాలు, నల్లగా మాడే దాకా ఉంచితే ఆ నూనెంతా చేదెక్కుతుంది.

వారం దాటి డబ్బాలో ఇంకా చాలా మిగిలితే ఐస్ ట్రే ఒక దారి. సన్నగా తరిగి, గడిలో ముప్పావు వంతు నింపి, నూనె పోసి గడ్డకట్టించి, గట్టి మూత ఉన్న డబ్బాలోకి మార్చాలి. లేకపోతే ఫ్రీజర్లో ఉన్నవన్నీ ఆ వాసనే వస్తాయి. పప్పుచారుకు, కుర్మాకు ఈ ముక్కలు పనికొస్తాయి, పైన చల్లడానికి పనికిరావు. పచ్చి ఆకును నూనెలో వేసి బయట సీసాలో నిల్వ ఉంచే పద్ధతి మాత్రం వద్దు, గాలి తగలని ఆ నూనెలో ప్రమాదకరమైన సూక్ష్మజీవులు పెరగొచ్చు. రెండో దారి నిల్వ పచ్చడి. కడిగి, నీడన పూర్తిగా ఆరాక తూచిన పావు కిలో కొత్తిమీరకు 75 గ్రాముల చింతపండు, 50 గ్రాముల చొప్పున ఉప్పు, కారం, చెంచాడు మెంతిపిండి, 150 మిల్లీలీటర్ల నూనె. ఆకును కొంచెం నూనెలో చెమ్మ పోయేదాకా మగ్గించి, చల్లారాక చుక్క నీరు లేకుండా చింతపండుతో నూరి, మిగతావి కలిపి, మిగిలిన నూనెతో ఇంగువ తాలింపు పెట్టి, చల్లారాక అందులో పోయాలి. ఆకులో చెమ్మ మిగిలితేనే బూజు. ఫ్రిజ్‌లో పెట్టి, పొడి గరిటెతో తీసుకుంటూ ఉంటే చాలా రోజులు వస్తుంది.

డబ్బాలో లోపాల విషయానికొస్తే, పెద్దది రబ్బరు రింగు. దాని గాడిలో ఆకు తునకలు ఇరుక్కుని నల్లటి బూజు పడుతుంది, బయటికి కనబడదు. ఖాళీ చేసిన ప్రతిసారీ చెంచా కాడతో రింగు లేపి తీసి, గాడిని పాత టూత్ బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాకే తిరిగి అమర్చాలి. కత్తి మొన పెడితే రింగు తెగుతుంది, విడిగా రింగులు అమ్మే దుకాణాలు అరుదు. పుదీనా వాసన ప్లాస్టిక్‌కు పట్టేస్తే వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. రింగు సాగి మూత వదులైన డబ్బాలో తేమ నిలవదు. ఇక దాన్ని ఆకుకూరలకు వాడకుండా, పళ్లెం తీసేసి ఉల్లిపాయలకో వెల్లుల్లికో మూత లేకుండా పెట్టుకోవచ్చు.